అంచు కుట్టని గుడ్డ

వరుసలో అందరికంటే వెనకబడ్డ మనిషికి ఇంకాస్త వెనక నడవడం ఆమె ఉద్యోగం. ముందు నడిచేవాణ్ణి లీడరు అంటారు. వెనక నడిచేదాన్ని ఏమనాలో ఈ కొండనడకలు నడిపే కంపెనీవాళ్లకి తోచలేదు. మొదటి ఏడాది ఎవరో సరదాకి తోక అన్నారు, అది కాస్తా అతుక్కుపోయింది. ఇప్పుడు పదకొండో ఏడాది. నలభై దాటిన మనిషిని ఉత్తినే తోక అనడం బాగుండదని చివర ఒక అక్క తగిలించారు. ఇన్నేళ్లలో ఆమెకి జరిగిన ప్రమోషను అదొక్కటే.

నాలుగు రోజుల నడక. పెట్టెలు, సంచులు పొద్దున్నే వ్యానెక్కి రోడ్డుదారిన తర్వాతి బసకి వెళ్లిపోతాయి. మనుషులు మాత్రం నీళ్లసీసా, వానకోటు, చిరుతిండి వీపున వేసుకుని కొండెక్కి లోయ దిగి సాయంత్రానికి అక్కడికి చేరతారు. డబ్బిచ్చి కాళ్లు నొప్పెట్టించుకునే సరదా ఏమిటో తోకక్కకి మొదట్లో అర్థమయ్యేది కాదు. తర్వాత ఆలోచించడం మానేసింది. కంచెల దగ్గర గేట్లు మూయడం, రాళ్ల మీద మర్చిపోయిన కళ్లజోళ్లు ఏరడం, ఊడిన లేసులు కట్టించడం, దారిలో మనుషుల్ని లెక్కపెట్టడం, వీటికే రోజు సరిపోయేది.

మొదటిరోజు పొద్దున బస ముంగిట లీడరు అందర్నీ నిలబెట్టి మాట్లాడాడు. ముప్ఫై లోపు కుర్రాడు, కాళ్లు పొడుగు, చేతికి పెద్ద వాచీ.

"మజిలీకి అందరూ చేరాక తోకక్క పసుపు గుడ్డ ఎత్తుతుంది. అది చూశాకే నేను ఈల ఊదుతాను, అప్పుడే బయల్దేరాలి. గుడ్డ లేవకుండా నేను ఈల ఊదినా సరే, మీరెవరూ కదలొద్దు. ఒకసారి పొగమంచులో ఒకాయన్ని వెనక వదిలేసి వెళ్లిపోయారు. అప్పట్నుంచీ ఇది మా కంపెనీ మొదటి రూలు."

తోకక్క జేబులోంచి గుడ్డ తీసి ఊపి చూపించింది. పద్నాలుగు మంది బుద్ధిగా తలలూపారు.

ఆ పద్నాలుగు మందిలో ఒకావిడ టైలరు. అరవై మూడేళ్లు. తమ్ముడితో, మరదలితో వచ్చింది. తమ్ముడు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. కొత్త బూట్లు, రెండు చేతులా రెండు కర్రలు. పరిచయాలప్పుడు ఆయనే అక్క తరఫున కూడా మాట్లాడాడు.

"మా అక్కయ్య. బట్టలు కుడుతుంది. కొంచెం నెమ్మది."

"కుట్టడంలో కాదులెండి," అంది టైలరమ్మ. అందరూ నవ్వారు, తమ్ముడు తప్ప.

మొదటి ఎత్తుకే వరుస తెగిన దండలా అయింది. ముందు లీడరు, వెంటనే తమ్ముడు, తర్వాత మిగతావాళ్లు. చాలా వెనకగా టైలరమ్మ. ఆమెకి నాలుగడుగుల వెనక తోకక్క. టైలరమ్మ ఎక్కడా ఆగలేదు. ఎత్తు పెరిగితే అడుగు చిన్నది చేసేది, అంతే. మొదటి మజిలీ ఒక వాగు ఒడ్డు. వీళ్లు చేరేసరికి మిగతావాళ్లు నీళ్లు తాగి, బిస్కెట్లు తిని, ఫోటోలు దిగి, చతికిలబడి ఉన్నారు. టైలరమ్మ ఒక బండ చూసుకుని కూర్చుంది. సంచిలోంచి కమలాపండు తీసి దాని నెత్తిన బొటనవేలి గోరు దింపింది. తోకక్క చెయ్యి పైకి లేచింది. పసుపు గుడ్డ ఎగిరింది. ఈల మోగింది. బిలబిలమంటూ అందరూ లేచి సంచులు తగిలించుకున్నారు.

టైలరమ్మ పండు వైపొకసారి, ఈల వైపొకసారి చూసి, ఒలవడం మొదలుపెట్టిన పండుని చేతిరుమాలులో చుట్టి సంచిలో పెట్టుకుని లేచింది.

రెండో మజిలీలోనూ అంతే. మూడోదాంట్లో ఆమె పండు బయటికే తియ్యలేదు.

ఆ సాయంత్రం భోజనాల గదిలో తమ్ముడు కుర్చీ జరుపుకుని అక్క పక్కన చేరాడు. "అక్కా, రేపట్నుంచి నువ్వు వ్యాన్లో వచ్చెయ్. లీడరుగారితో మాట్లాడాను."

"నాతో మాట్లాడావా?"

"ఇప్పుడు మాట్లాడుతున్నా కదే!"

"ఇప్పుడు చెబుతున్నావురా. మాట్లాడ్డం అంటే ఇంకోటి." ఆమె ప్లేటు వైపు తిరిగింది. "నా కాళ్లు బాగానే ఉన్నాయి. నేను నడవడానికే వచ్చాను. పెట్టెల మధ్య కూర్చోడానికైతే ఇంట్లో బీరువా లేదూ?"

మరదలు మంచినీళ్లు తాగుతూ పొలమారింది. తమ్ముడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అందరూ నీకోసం ఆగాల్సొస్తోందక్కా. నాకు తల కొట్టేసినట్టుంది."

పక్క బల్ల దగ్గర తోకక్క అన్నీ వింది. ఇలాంటివి ఏటా వింటూనే ఉంది. మొదటి సాయంత్రం వద్దంటారు, రెండో సాయంత్రం ఏడుపుమొహం పెడతారు, మూడోరోజు వ్యానెక్కుతారు. ఈవిడా అంతేలే అనుకుంది.

*

రెండోరోజు దారి లోయ పొడుగునా సాగింది. ఎడమ పక్క ఏరు, కుడి పక్క గొర్రెల మందలు మేసే పచ్చిక, నాలుగు వందల అడుగులకొక గేటు. తోకక్క ప్రతి గేటూ మూసి, గొలుసు తగిలించి, పరుగున వచ్చి మళ్లీ నాలుగడుగుల వెనక చేరేది. నాలుగో గేటు దగ్గర చూస్తే టైలరమ్మ ఆమె కోసం నిలబడి ఉంది.

"మీరు నడుస్తూ ఉండండి, నేనొచ్చి కలుస్తాను."

"ఎందుకూ పరుగు? పక్కన నడువు. వెనకాల అడుగుల చప్పుడు వింటుంటే ఎవరో తోస్తున్నట్టుంది."

తోకక్కకి పక్కన నడవడం అలవాటు లేదు. కాసేపు ఎటు నడిచినా భుజాలు తగిలాయి. తర్వాత కుదిరింది.

"నీ పేరేమిటని అడిగితే తోకక్క అన్నారు. నీకంటే ఇరవై ఏళ్లు పెద్దదాన్ని, అక్కా అని పిలవాలంటే నోరు తిరగట్లేదు. పిలిస్తే మాత్రం నా వయసు తగ్గినట్టుంటుంది."

తోకక్క నవ్వింది. కొంతదూరం పోయాక టైలరమ్మ మళ్లీ అంది, "అమ్మాయ్, ఒకటి అడుగుతాను. మనం వెళ్లేసరికి వాళ్లు అక్కడ కూర్చుని ఎంతసేపై ఉంటుంది?"

"పావుగంట ఉంటుందండీ."

"మనం వెళ్లాక ఎంతసేపు కూర్చుంటారు?"

తోకక్క దారికడ్డంగా ఉన్న రాయిని కాలితో పక్కకి నెట్టింది.

"అంటే బాగా నడిచేవాడికి బాగా విశ్రాంతి. నడవలేనిదానికి అసలే లేదు. పైగా రోజంతా ఆపకుండా నడిచినదాన్ని నేను. ఆగి ఆగి నడిచినవాళ్లు వాళ్లు. నెమ్మది అన్న పేరు మాత్రం నాకొచ్చింది. ఇదెక్కడి న్యాయమో మా తమ్ముడి లాంటి చదువుకున్నవాళ్లే చెప్పాలి."

"ఈల ఊదేది లీడరు కదండీ. నా చేతిలో ఏముంది?"

"నీ చేతిలో గుడ్డ ఉంది."

తోకక్క ఆగిపోయింది. టైలరమ్మ ఆగలేదు, నడకలో పడ్డాక ఆగడం ఆవిడకి అలవాటు లేదు కాబట్టి. నాలుగడుగులు ముందుకెళ్లి, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "కాలు పెట్టగానే ఎత్తాలని నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. రూలులో ఉన్నది అందరూ చేరాక ఎత్తాలని మాత్రమే. చేరాక అంటే చేరిన క్షణానే అని తనకి తనే అనుకుంది. మొదటి ఏడాది లీడర్లు చురుకైన మనిషి అన్నారు. ఆ మాట నిలబెట్టుకోవాలని చెయ్యి తొందరపడింది. తర్వాత అదే అలవాటైంది. మోకాలికి పట్టీ కట్టుకుని వచ్చిన బడి పంతులమ్మ గుర్తొచ్చింది. ఆపరేషనయ్యాక మొదటిసారి ఇల్లు కదిలానని చెప్పిన పెద్దాయన గుర్తొచ్చాడు. ఎర్రబడ్డ మొహాలతో రొప్పుతూ వచ్చేవాళ్లు, కూర్చోబోయేవాళ్లు, ఇంతలో తన చెయ్యి లేచేది. వాళ్లలో ఒక్కరూ తనని తిట్టుకుని ఉండరు. ఈల ఊదినవాణ్ణే తిట్టుకుని ఉంటారు. ఆ సంగతి తల్చుకుంటే ఆమెకి మరీ సిగ్గనిపించింది.

"ఏదీ, ఆ గుడ్డ ఇలా చూపించు," అంది టైలరమ్మ. నడుస్తూనే అందుకుని వేళ్ల మధ్య తిప్పి చూసింది. "అయ్యో రాత, అంచే కుట్టలేదు! నాలుగు వైపులా పోగులు ఊడిపోతున్నాయి. పదకొండేళ్లలో ఎన్ని గుడ్డలు మార్చావు?"

"ఏడాదికొకటి ఇస్తారండీ."

"అంచు కుడితే ఒక్కటే వచ్చేది. దీన్ని చూస్తుంటే నా చేతులు పీకుతున్నాయి. సూదీ దారం సంచిలోనే ఉన్నాయి, ఏం లాభం, కూర్చోనిస్తేగా!"

ఆ వెంటనే వచ్చిన మజిలీలో తోకక్క చెయ్యి మళ్లీ దానంతటది లేచింది. లేచాక తెలిసింది. దించేలోపు ఈల మోగిపోయింది. కమలాపండు మీద నిన్న తెరిచిన చోట తొక్క ఎండిపోయి ఉంది.

సాయంత్రం బసలో లీడరు ఒక ప్రకటన చేశాడు. ఎల్లుండి ఆఖరిరోజు కనుమ దాటాలి. ఈ నాలుగు రోజుల్లో అదే పెద్ద ఎత్తు, అసలు అందరూ వచ్చేది దానికోసమే. "అందుకని, రేపు సాయంత్రం నాలుగు దాటాక బసకి చేరినవాళ్లు ఎల్లుండి వ్యాన్లో వస్తారు. ఎవర్నీ తక్కువ చెయ్యడం కాదు, జాగ్రత్త కోసం." ఎవరి వైపూ చూడకుండానే చెప్పాడు. అందరూ మాత్రం టైలరమ్మ వైపు చూశారు.

"మంచి మాట," అన్నాడు తమ్ముడు.

భోజనాలయ్యాక టైలరమ్మ వరండాలో అరికాళ్లకి నూనె రాసుకుంటుంటే తోకక్క వెళ్లి పక్కన కూర్చుంది. "కనుమ దాటాలని మీకంత పట్టుదల ఎందుకండీ?"

"నలభై ఏళ్లు మెషిన్ తొక్కాను తల్లీ. తొక్కిన తొక్కుడికి ఎన్ని కొండలు దాటి ఉండాలో! తీరా చూస్తే మెషిను ఎక్కడుందో అక్కడే ఉంది, నేనూ అక్కడే ఉన్నాను." నూనె చేతిని రెండో కాలికి మార్చింది. "ఈ కాళ్లతో ఒక్కసారి ఒక చోటు దాటి ఇంకో చోటికి పోవాలి. వ్యాన్లో పోతే పెట్టె పోయినట్టే కదా."

తోకక్క లేచి లీడరు దగ్గరికి వెళ్లింది. అతను కుళాయి దగ్గర బూట్ల మట్టి గీకుతున్నాడు.

"లీడర్ బాబూ, వెనకొచ్చేవాళ్లకి మజిలీలో ఒక పావుగంట ఇద్దాం. వాళ్లూ కూర్చున్నాకే గుడ్డ ఎత్తుతాను."

"పదకొండేళ్లుగా నువ్వేగా ఎత్తుతున్నావు? ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది?"

"ఇప్పుడు తెలిసొచ్చింది."

అతను బూటు నేలకేసి కొట్టాడు. "చూడక్కా, నీ మంచికే చెబుతున్నా. రోజూ రిపోర్టు రాసేది నేను. వచ్చే సీజనుకి ఎవరు కావాలో, ఎవరొద్దో ఆఫీసువాళ్లు అది చూసే తేలుస్తారు. లేటవడానికి కారణం అన్న చోట నీ పేరు రాయించుకోకు."

ఆమె కుళాయి కట్టేసి లోపలికి వచ్చింది. భయం వేసింది. వేయలేదని చెప్పుకుంటే అబద్ధం. ఈ వయసులో ఇంకో పని వెతుక్కోవడం మాటలు కాదు. అయినా భయం కంటే కోపమే కాస్త ఎక్కువగా ఉంది, అదీ సగం తన మీదే.

*

మూడోరోజు మొదటి మజిలీ కొండ నడుమున ఒక రాతిగోడ. గోడ నీడలో పదముగ్గురూ కాళ్లు చాపుకుని ఉన్నారు. టైలరమ్మ వచ్చి గోడకి చేరగిలబడింది. తోకక్క ఆమె పక్కన కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కుడిచేతి మీద ఎడమచెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. ఆ చేతిని ఆమె నమ్మలేదు.

లీడరు లేచి నిలబడ్డాడు. "అక్కా, గుడ్డ."

"ఉంది బాబూ."

"ఎత్తు మరి. అందరూ వచ్చేశారుగా."

"వచ్చారు. ఆవిడ ఇప్పుడే కూర్చున్నారు."

అతను వాచీ చూసుకున్నాడు, ఆకాశం చూశాడు, మళ్లీ వాచీ చూసుకున్నాడు. టైలరమ్మ చేతిరుమాలు విప్పి కమలాపండు తీసింది. లీడరు ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. తమ్ముడు టక్కున లేచాడు. ఇంకో ఆరుగురు లేచి సంచులు వెతుక్కున్నారు. మరదలు మాత్రం కదల్లేదు.

"లే," అన్నాడు తమ్ముడు.

"గుడ్డ లేవలేదుగా," అంది మరదలు. మూడు రోజుల్లో ఆవిడ నలుగురిలో నోరు విప్పడం అదే మొదటిసారి. "గుడ్డ లేవకుండా ఈల ఊదినా కదలొద్దని లీడరుగారే చెప్పారు. మొదటి రూలట కూడాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. లేవబోయిన బొద్దుపాటి బ్యాంకాయన "అవునండోయ్, రూలు రూలే" అంటూ ఎంతో ఇష్టంగా మళ్లీ కూలబడ్డాడు. లేచినవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని ఒక్కొక్కరే కూర్చున్నారు. చివరికి నిలబడి మిగిలింది లీడరూ, తమ్ముడూ.

"ఊరికే పంతాలకి పోతున్నావు," అని తమ్ముడు పెళ్లాం మీద గొణిగాడు.

"పంతం నాది కాదు, మోకాలిది. మొన్నట్నుంచి అంటోంది, ఇవాళ విన్నాను."

టైలరమ్మ పండు ఒలిచింది. తొక్క తెగకుండా ఒకే చుట్టగా తీసింది. తొన మీది తెల్లపీచు ఒక్కొక్క పోగే లాగి, గింజ తీసి పక్కన పెట్టి, అప్పుడు నోట్లో వేసుకుంది. పది తొనలున్నాయి. ఒకటి తోకక్కకి, ఒకటి మరదలికి ఇచ్చింది. ఇంకోటి లీడరు వైపు చాపింది. అతను తల అడ్డంగా ఊపాడు. "నీ ఇష్టం నాయనా," అని అదీ తనే తింది. వేళ్లు తుడుచుకుని, బూటు లేసు బిగించుకుని తోకక్క వైపు చూసి తలూపింది.

అప్పుడు లేచింది గుడ్డ.

రెండో మజిలీలోనూ అంతే జరిగింది, ఈసారి ఎవరూ తొందరపడి లేవలేదు. మూడో మజిలీకి టైలరమ్మ చేరేసరికి మిగతావాళ్లు ఇంకా సీసాల మూతలు తిప్పుతున్నారు. కూర్చుని లేచిన కాళ్లు కాబట్టి అడుగు పడింది. ఆ సంగతి లీడరూ గమనించాడు.

బస ముంగిట్లోకి పద్నాలుగు మందీ ఒక్క గుంపుగా నడిచి వచ్చారు. గోడ గడియారంలో నాలుగూ ఇరవై.

వ్యాను డ్రైవరు మెట్ల మీద టీ తాగుతున్నాడు. బ్యాంకాయన అతని దగ్గరికి వెళ్లి చాలా మర్యాదగా, "రేపు మేమందరం మీ వ్యాన్లోనేనండీ. నాలుగు దాటింది కదా," అన్నాడు.

"అందరూనా?" డ్రైవరు కప్పు కింద పెట్టేశాడు. "పెట్టెలు పోగా ముగ్గురు పడతారండీ నా బండిలో. మిగతావాళ్లు పైన కూర్చుంటారా?"

"లీడరుగారు కూడా ఉన్నారు, లేటుగా వచ్చినవాళ్లలో," అంది మరదలు.

నవ్వులు ముంగిలంతా పాకాయి. లీడరు చెవులు ఎర్రబడ్డాయి. "సరే సరే, రేపు అందరూ నడుద్దురుగాని," అని లోపలికి వెళ్లిపోయాడు.

భోజనాల గదిలో అతను రిపోర్టు రాస్తుంటే తోకక్క వెళ్లి ఎదుటి కుర్చీలో కూర్చుంది. కాగితం తిప్పి చదివింది. లేటవడానికి కారణం అన్న చోట ఆమె పేరే ఉంది. పెన్ను అడిగి తీసుకుని, ఆ కింద తన దస్తూరీతో ఒక వాక్యం రాసింది. చివర వచ్చినవాళ్లు కూర్చోలేదు కాబట్టి గుడ్డ నేనే ఎత్తలేదు, రేపు కూడా ఎత్తను. సంతకం పెట్టి కాగితం వెనక్కి జరిపింది.

"నష్టం నీకే అక్కా."

"పదకొండేళ్లు ఇంకెవరికో అయింది. ఈ ఏడు నాకు కానీ."

*

కనుమ ఎత్తు రెండున్నర గంటలు పట్టింది. దారి రాళ్లమయం, మలుపు మలుపుకీ గాలి. టైలరమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ, మధ్యలో ఎక్కడా ఆగకుండా ఎక్కింది. తోకక్క పక్కనే నడిచింది. దారి ఇరుకైన చోట మాత్రం వెనక్కి తగ్గింది. ఆఖరి మలుపు తిరగ్గానే ఆకాశం ఒక్కసారి కిందికి దిగింది. రెండు కొండల నడుమ చదునుగా ఇంత జాగా. ఇటు చూస్తే వచ్చిన లోయ, అటు చూస్తే పోవలసిన లోయ. మిగతావాళ్లు గాలికి టోపీలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఒక్కరూ లేవలేదు. తమ్ముడు జరిగి తన పక్కనున్న రాయి ఖాళీ చేశాడు. అక్క సీసా మూత తిప్పి ఇచ్చాడు.

టైలరమ్మ వెంటనే కూర్చోలేదు. అటు అంచుదాకా నడిచింది. కొత్త లోయలోకి తొంగి చూసి, కావాలనే ఇంకో రెండడుగులు అవతలికి వేసి నిలబడింది.

"దాటాను," అంది. ఎవరితోనూ కాదు.

తిరిగి వచ్చి కూర్చున్నాక తోకక్క జేబులోంచి పసుపు గుడ్డ తీసి ఆమె ఒళ్లో పెట్టింది. "మీకు చాలనిపించినప్పుడు ఇవ్వండి. అప్పుడు ఎత్తుతాను."

టైలరమ్మ గుడ్డ వైపు చూసింది. ఊడిన పోగుల వైపు చూసింది. ఆ తర్వాత సంచిలోంచి చిన్న రేకుడబ్బా తీసి, సూదీ, దారపు ఉండా బయటపెట్టింది. పోగులు కొరికి తెంపి, అంచు మడిచి, గోటితో నొక్కింది. దారం ఎక్కించబోతే గాలికి కొస నిలవలేదు. మూడుసార్లు ప్రయత్నించి తలెత్తింది.

"కళ్లు బాగున్నవాళ్లెవరు? ఒరే లీడర్ బాబూ, ఇలా రా. ఇది ఎక్కించు."

లీడరు వాచీ వైపు చూశాడు. పద్నాలుగు మంది అతని వైపు చూశారు. అతను వచ్చి, గాలికి వీపు పెట్టి మోకాళ్ల మీద కూర్చుని, సూది అందుకున్నాడు. మొదటిసారి తప్పింది. రెండోసారీ తప్పింది.

"తడి చెయ్యి," అంది టైలరమ్మ. "తొందరపడకు. తొందరపడితే అసలెక్కదు."

అతను దారం కొస నోట్లో పెట్టుకుని తడిచేసి, ఊపిరి బిగబట్టి మళ్లీ గుచ్చాడు. ఎక్కింది. బ్యాంకాయన చప్పట్లు కొట్టాడు. లీడరు లేవబోయి, ఏమనుకున్నాడో, అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

టైలరమ్మ మొదటి వైపు మొదలుపెట్టింది. వచ్చే సీజను జాబితాలో తన పేరుంటుందో ఉండదో తోకక్కకి తెలియదు. లేకపోతే పోనీ. కుట్టు వెనక కుట్టు, ఒక్కటే పొడుగు, ఒక్కటే ఎడం, ఎక్కడా ఆగకుండా సాగుతున్న ఆ సూదిని చూస్తూ ఆమె బూట్లు విప్పి కాళ్లు చాపుకుంది. నాలుగో వైపు ముడి పడేదాకా కనుమ మీంచి ఎవరూ లేవలేదు.